రహీం సాబ్ – మైదానంలో ఒక బడిపంతులు

ఏటా కాలేజీ తెరిచిన వారం పది రోజుల్లో కనిపించే దృశ్యమే ఇది. బోధన్ బస్సు దిగి, ఒక చేతిలో సర్టిఫికెట్ల ఫైలు, మరో చేతిలో బూట్ల సంచి పట్టుకుని ఒక పిల్లవాడు ఆఫీసు గది ముందు నిలబడి ఉంటాడు. వర్ని నుంచో, కోటగిరి నుంచో, రెంజల్ నుంచో వచ్చి ఉంటాడు. తండ్రి చెరుకు వేసిన రైతు కావచ్చు. లేదా శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడేదాకా అందులో పనిచేసిన కార్మికుడు కావచ్చు. ఊరి బడిలో అతను హీరో. జిల్లా పోటీల్లో గెలిచి వస్తే హెడ్మాస్టరు గారు ప్రార్థన వేళ ముందుకు పిలిచి అందరి చేతా చప్పట్లు కొట్టించారు. ఇక్కడ అతని పేరు కూడా ఎవరికీ తెలియదు. పి.డి. సారు పొద్దున ఆరు గంటలకు గ్రౌండుకు రమ్మంటారు. పది గంటలకు క్లాసులో ఇంగ్లీషు నోట్సు రాసుకోవాలి. టోర్నమెంటు సీజను వచ్చిందంటే పది పదిహేను రోజులు పాఠాలు పోతాయి. తిరిగి వచ్చేసరికి పాఠం ఎక్కడుందో, తాను ఎక్కడున్నాడో అంతుపట్టదు. పక్కవాణ్ణి అడుగుదామంటే సిగ్గు. చివరకు 75 శాతం హాజరు లేదని షార్టేజి లిస్టు గోడకు అంటించిన రోజున మాత్రం అతని పేరు అందరికీ తెలుస్తుంది.

రెండో యేడు వచ్చేసరికి అతను ఆటనో చదువునో వదిలేస్తాడు. పెక్కుమంది రెండూ వదిలేస్తారు. మంచి ఆటగాడు పాడైపోయాడే అని మనం నాలుగు రోజులు బాధపడి మరిచిపోతాం. తప్పు అతనిదేనా, మనదా అన్నది ఎవరూ తేల్చరు. ఈ సంగతి మనసులో పెట్టుకుని ఈ సంచికకు ఒకరి జీవితకథ రాయాలని కూర్చున్నప్పుడు సయ్యద్ అబ్దుల్ రహీం గారు యాదికొచ్చారు. ఫుట్‌బాల్ లోకం ఆయనను రహీం సాబ్ అనే పిలిచింది.

ఆయన మన జిల్లావారు కారు, హైదరాబాదు నగరవాసి. అయినా మనకు దూరపువారని అనుకోనక్కరలేదు. ఆనాడు మనదీ ఆ సంస్థానమే. మన పిల్లలు పై చదువులకు ఎక్కిన మీటరుగేజి రైలు మన్మాడు నుంచి నిజామాబాదు మీదుగా పోయి చేరేది కాచిగూడకే. రహీం గారు పంతులుగా పనిచేసిన మొదటి బడి కూడా ఆ కాచిగూడలోని మిడిల్ స్కూలే. ఇక ఆయన చదివిన ఉస్మానియా విశ్వవిద్యాలయం సంగతి చెప్పేదేముంది? 2006లో డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చేదాకా మన జిల్లా డిగ్రీ కాలేజీలన్నిటికీ పట్టాలిచ్చింది అదే గదా.

రహీం గారు 1909 ఆగస్టు 17న పుట్టారు. 1918లో స్థాపించిన ఉస్మానియా, ఆయన విద్యార్థిగా చేరేనాటికి ఇంకా కొత్త విశ్వవిద్యాలయమే. ఈనాడు మనం చూసే ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం అప్పటికి లేదు, అది 1939లో గాని రాలేదు. అక్కడ పాఠాలన్నీ ఉర్దూలో చెప్పేవారు. దేశంలో ఆధునిక శాస్త్రాలను ఒక భారతీయ భాషలో బోధించిన విశ్వవిద్యాలయంగా దానికి అప్పుడే పేరు. కాని ఇంట్లో తెలుగో మరాఠీయో కన్నడమో మాట్లాడే జిల్లా పిల్లలకు అదొక పరాయి మెట్టే. పల్లె నుంచి పట్నానికి, ఒక భాష నుంచి మరో భాషకు దాటడం అనే అవస్థ ఇవ్వాళ కొత్తగా పుట్టింది కాదని చెప్పడానికే ఈ ముచ్చట ఎత్తాను. మన తాతల తరంవాళ్ళు ఉర్దూలో లెక్కలు చేశారు, వాళ్ళ మనవలు ఇంగ్లీషులో చేస్తున్నారు, అంతే తేడా.

రహీం గారు ఉస్మానియాలో డిగ్రీ చదువుతూ విశ్వవిద్యాలయం జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. తరువాత నగరంలో పేరున్న కమర్ క్లబ్బుకు ఆడారు. అంటే ఆయన కూడా మనలాగే పొద్దున గ్రౌండు, పగలు క్లాసు అనుభవించిన మనిషి. ఆట బాగా వచ్చినవాడు చదువు మధ్యలో ఆపేయడానికి ఆ రోజుల్లో సాకులకు కొదవ లేదు. ఆయన ఆపలేదు. డిగ్రీ పూర్తి చేసి పంతులు ఉద్యోగంలో చేరారు. కాచిగూడ తరువాత ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూలు. ఉద్యోగం చేస్తూ వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా సంపాదించి, పనిచేసిన బడుల్లో ఆటల బాధ్యత నెత్తికెత్తుకున్నారు.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. మన పత్రికలూ, 2024లో వచ్చిన మైదాన్ అనే హిందీ సినిమా రహీం గారిని దేశం జట్టు శిక్షకుడిగానే చూపిస్తాయి. అందులో అబద్ధం లేదు. ఆ సినిమా వచ్చాకనే మన పిల్లల్లో చాలామందికి ఆయన పేరు తెలిసిందన్నదీ నిజమే. కాని నాకు మాత్రం ఆయనలోని బడిపంతులే పెద్దగా కనిపిస్తాడు. ఫుట్‌బాల్ శిక్షకులను తయారుచేసే బడి అంటూ మనదేశంలో ఆనాడు లేదు, పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ 1961లో గాని వెలవలేదు. ఆయనకు తెలిసిన విద్య ఒక్కటే, క్లాసులో పాఠం చెప్పడం. ఏ పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో కనిపెట్టడం, కష్టమైనదాన్ని చిన్న చిన్న అభ్యాసాలుగా విడగొట్టడం, అర్థమయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చేయించడం. దాన్నే మైదానానికి తీసుకొచ్చారు.

1940ల తొలినాళ్ళలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షకుడిగా పగ్గాలు చేపట్టారు. ఆ యేడే ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్ మీద గెలిచారు. బొంబాయిలో రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు ఎత్తుకొచ్చారు. కలకత్తావాళ్ళకు ఫుట్‌బాల్ అంటే ఇంటి ఆస్తి. అలాంటిది దక్కనులోని ఒక పోలీసు జట్టు వచ్చి దేశాన్ని ఏలడం వాళ్ళకు మింగుడు పడని విషయమే. సంతోష్ ట్రోఫీ కూడా 1956–57, 1957–58 రెండేళ్ళూ హైదరాబాదుకే వచ్చింది.

ఇదంతా ఎట్లా సాధ్యమైంది? రహీం గారు పిల్లలకూ కుర్రవాళ్ళకూ విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాళ్ళ దగ్గరే పెట్టుకుని గిరికీలు కొట్టడం నిషిద్ధం, అందుకోగానే తోటివాడికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో చేతకాని కాలుతోనే ఆడాలి, అంటే కుడికాలు వాటమున్నవాడు ఎడమకాలుతో తన్నాలి. చూసేవాళ్ళకు నవ్వులాటగా ఉండి ఉంటుంది. బంతి ఎటో పోతుంది, ఆడేవాడికి తల కొట్టేసినట్టవుతుంది. కాని కొన్నాళ్ళకు ఆ పిల్లవాడికి రెండు కాళ్ళూ సమానంగా వస్తాయి. ఎదుటివాడు ఎటు కాపలా కాయాలో తెలియక తికమక పడతాడు.

మన కాలేజీ పిల్లలకు చేతకాని కాలు ఏదో చెప్పనక్కరలేదు. కొందరికి ఇంగ్లీషు, కొందరికి లెక్కలు, కొందరికి నలుగురిలో లేచి నాలుగు మాటలు మాట్లాడటం. మనం ఏం చేస్తాం? వచ్చిన కాలుతోనే ఆడుకుంటూ పోతాం. ఆటలో కప్పు తెచ్చాడు గదా అని అతని రికార్డు ఇంకొకడు రాసి పెడతాడు, అసైన్‌మెంటు ఇంకొకడు ఇస్తాడు, లెక్చరర్లమైన మేమూ చూసీచూడనట్టు పోనిస్తాం. దాన్ని దయ అనుకుంటాం. రహీం గారి మైదానంలో అయితే దాన్ని శిక్షణ లోపం అనేవారేమో. పిల్లవాడికి రాని కాలును పదిమంది ముందు వాడనివ్వాలి, తప్పు పోయినా ఎవరూ ఎగతాళి చేయకుండా చూడాలి. ఆ పోటీల్లో అందరూ చేతకాని కాలుతోనే ఆడతారు కనుక నవ్వేవాడు ఉండడు. అసలు కిటుకు అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

రహీం గారికి ఓటమి తెలియదని అనుకుంటే పొరపాటు. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలోని భారత జట్టు ఫైనల్లో ఇరాన్ మీద మేవాలాల్ కొట్టిన ఒకే ఒక గోలుతో గెలిచి బంగారు పతకం తెచ్చింది. ఏడాది తిరిగిందో లేదో, 1952 జూలైలో హెల్సింకి ఒలింపిక్స్. అక్కడ యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చిత్తయ్యాం. మనవాళ్ళలో చాలామంది అప్పటికీ బూట్లు లేకుండా ఆడేవాళ్ళే. వానాకాలంలో కలకత్తా బురదలో వట్టికాళ్ళతో బంతిని ఆడించడం వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. చలిదేశంలో, తడి గడ్డి మీద, బూట్లు తొడిగిన దిట్టమైన మనుషుల ముందు ఆ విద్య పనిచేయలేదు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి చేస్తూ దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య నియమం పెట్టింది.

చిన్నప్పటి నుంచి వట్టికాళ్ళతో ఆడినవాడికి బూటు ఎంత బరువో ఆలోచించండి. వేళ్ళకు బంతి తగిలే స్పర్శ పోతుంది, మడమలు బొబ్బలెక్కుతాయి, ఇన్నాళ్ళ నేర్పు ఒక్కరోజులో మాయమైనట్టు ఉంటుంది. నిన్నటిదాకా తనకంటే తక్కువ ఆడినవాడు ఇవ్వాళ దాటిపోతాడు. చాలామంది మనసులో తిట్టుకునే ఉంటారు. కాని నాలుగేళ్ళు గడిచేసరికి, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పోయిన జట్టు వేరే జట్టు. ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది, నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 4–1తో, మూడో స్థానం పోటీలో బల్గేరియా చేతిలో 3–0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్ ఫుట్‌బాల్లో అంత దూరం మనం మళ్ళీ పోలేదు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, బలరాం వంటి వాళ్ళు హైదరాబాదు గడ్డ మీద ఆట నేర్చినవాళ్ళే.

తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి ఏడాది ఇంగ్లీషు మీడియంలో సగం సబ్జెక్టులు తప్పిన పిల్లవాణ్ణి చూసినప్పుడల్లా నాకు ఆ బూట్లు యాదికొస్తాయి. తెలివి ఎక్కడికీ పోలేదు, కాళ్ళు బొబ్బలెక్కాయి, అంతే. అలవాటయ్యేదాకా ఓపిక పట్టేవాళ్ళు అతని పక్కన ఉంటారా లేదా అన్నదే ప్రశ్న.

ఇప్పుడు తులసీదాస్ బలరాం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. ఫుట్‌బాల్ బూట్లు కొనే తాహతు లేక, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే మనిషి చేత ఆటకు పనికొచ్చేలా కుట్టించుకున్నాడు. స్థానిక పోటీల్లో ఆడుతుండగా రహీం గారి కంట పడ్డాడు. సంతోష్ ట్రోఫీకి హైదరాబాదు జట్టు తయారవుతున్న రోజులవి, నగరానికి వచ్చి ప్రాక్టీసు చేయమన్నారు. అమ్ముగూడ నుంచి ప్రాక్టీసు గ్రౌండు చాలా దూరం, రోజూ రాకపోకలకు డబ్బు లేదు. పిల్లవాడు రాలేనని చెప్పాడు. చాలామంది శిక్షకులు అక్కడితో ఆ పేరు కొట్టేసి ఇంకో పేరు రాసుకుంటారు. రహీం గారు ఎందుకు రాలేవని ఆరా తీశారు. సంగతి తెలుసుకుని సైకిలు కోసం తానే డబ్బు ఇచ్చారు. బలరాం ఆ సైకిలు తొక్కుకుంటూ వచ్చి ప్రాక్టీసు చేశాడు. ఆ యేడు హైదరాబాదు జట్టులోకి, ఆ యేడే ఒలింపిక్స్ జట్టులోకి వచ్చాడు.

ఒక సైకిలు ఖర్చు! దేశానికి అంత గొప్ప ఫార్వర్డు దక్కడానికీ దక్కకపోవడానికీ నడుమ ఉన్నది అంతే. మన కాలేజీల్లో ఆట మానేసిన పిల్లలను కూర్చోబెట్టి అడిగితే ఇట్లాంటి చిన్న కారణాలే బయటపడతాయి. సాయంత్రం ప్రాక్టీసు అయ్యేసరికి ఊరికి పోయే చివరి బస్సు వెళ్ళిపోతుంది. హాస్టల్లో పొద్దున టిఫిన్ వేళకు అతను గ్రౌండులో ఉంటాడు, వచ్చేసరికి గిన్నెలు ఖాళీ. స్కాలర్‌షిప్పు ఫారం నింపే చివరి తేదీన అతను ఏ వరంగల్లులోనో మ్యాచి ఆడుతుంటాడు. ఇవి ఆటల డైరీలో రాసుకునే విషయాలు కావు కనుక ఎవరూ రాసుకోరు. ఆడపిల్లలకైతే ఇంకో వరుస ఉంటుంది. పొద్దుగూకాక ఇంటికి చేరడం, నలుగురి మాటలు, తల్లి భయం. మన జిల్లా నుంచి వెళ్ళిన నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ బాక్సింగులో ప్రపంచ విజేత కావడం చూశాం. తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడటం చూశాం. సిరికొండ మండలం పాకాల పిల్ల మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకే 2014లో ఎవరెస్టు ఎక్కడమూ చూశాం. వాళ్ళకు ఫ్లెక్సీలు కట్టాం, మంచిదే. వాళ్ళతోపాటు మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినవాళ్ళ లెక్క మాత్రం మన దగ్గర లేదు.

బలరాం కథలో రెండో అంకం కూడా ఉంది. 1957లో అతను కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్లో చేరాడు. భాష రాని ఊరు, వేలమంది అరుపుల మధ్య ఆట, ఒక రోజు పూలదండ మరుసటి రోజు తిట్లు. హైదరాబాదు కుర్రవాళ్ళు ఎంతోమంది ఆ తోవన పోయారు. పోయినవాళ్ళు నిలదొక్కుకున్నారంటే వట్టి ఆట వల్లనే కాదు, వేళకు లేవడం, చెప్పింది వినడం, తన చోటు తాను కాపాడుకుంటూ తోటివాడికి బంతి అందించడం ముందే ఒంటబట్టినందువల్ల. ఊపిరితిత్తుల జబ్బుతో 1963లోనే బలరాం ఆట ఆగిపోయింది. అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. అయినా అతను కుంగిపోయి మూల కూర్చోలేదు. ఆ తరువాత కుర్రవాళ్ళకు ఆట నేర్పాడు. బెంగాలులోని ఉత్తర్‌పాడాలో బతుకు గడిపి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. చివరిదాకా ఆయన నోట రహీం సాబ్ పేరే.

పోలీసు ఉద్యోగం సంగతి కూడా చెప్పుకోవాలి. సిటీ పోలీసు జట్టులో ఆడినవాళ్ళకు నెలజీతం ఉండేది. ఆట అయిపోయాక వీధిన పడే భయం లేదు. కడుపులో ఆకలి, బుర్రలో రేపటి బెంగ ఉన్నవాడి కాలు సరిగ్గా ఆడదు. ఇవ్వాళ స్పోర్ట్స్ కోటా ఉంది గదా అంటారు కొందరు. ఉంది, కాని దానికి కావలసిన చదువు పూర్తి కాకపోతే పతకాల సంచి పట్టుకుని తిరగవలసిందే. రహీం గారి కాలం వేరు, ఈ కాలం వేరు. ఆయన బాటను మనం మక్కీకి మక్కీ దించుకోలేమని ఒప్పుకోక తప్పదు. ఆయన స్వయంగా నడిచిన తోవ, అంటే ఆడుతూనే డిగ్రీ, ఉద్యోగం చేస్తూనే డిప్లొమా, మాత్రం ఇప్పటికీ తెరిచే ఉంది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు హంగరీతో 2–1తో ఓడారు, ఫ్రాన్స్‌తో 1–1 సమం చేశారు, పెరూతో 3–1తో ఓడి తిరిగి వచ్చారు. పతకం లేకపోయినా ఆ ఆటను పరువు తక్కువదని ఎవరూ అనలేదు. రహీం గారి సొంత కొడుకు సయ్యద్ షాహిద్ హకీం ఆ జట్టులో ఎంపికైనవాడే. మధ్య ఫార్వర్డును వెనక్కు లాగి ఆడించే పద్ధతిని, 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ వల్ల పేరుకెక్కిన 4–2–4 అమరికను, రహీం గారు అంతకు ముందే మనవాళ్ళ చేత ఆడించారని ఆట తెలిసినవాళ్ళు చెబుతారు. ఆ సాంకేతిక విషయాలు నాకంటే మన పి.డి. సారుకే బాగా తెలుసు, ఆయనను అడగండి.

జకార్తా మాత్రం నేను విడిచిపెట్టలేను.

1962 నాటికి రహీం గారి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. ఆ ఒంటితోనే జట్టును ఆసియా క్రీడలకు తీసుకుపోయారు. చూనీ గోస్వామి కెప్టెన్. ఆయనా కలకత్తా విశ్వవిద్యాలయానికి ఫుట్‌బాల్, క్రికెట్ రెండూ ఆడిన విద్యార్థే. మొదటి మ్యాచిలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో దెబ్బతిన్నాం. మొదటి పేపరు పాడైతే మనవాళ్ళు మిగతా పరీక్షలు ఎగ్గొడతారు చూడండి, అట్లాంటి సందర్భం. మనవాళ్ళు థాయిలాండును 4–1తో, జపానును 2–0తో ఓడించి సెమీస్‌కు పోయారు. థాయిలాండుతో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. వెనక ఉండి ఎదుటివాళ్ళతో ఢీకొనే పని ఇక అతనికి కుదరదు. ఇంటికి పంపేయాలా? రహీం గారు అతణ్ణి ఫార్వర్డు స్థానానికి మార్చారు. కాలేజీ రోజుల్లో అతను ఫార్వర్డుగా ఆడిన సంగతి ఆయనకు తెలుసు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3–2తో గెలిచినప్పుడు జర్నైల్ కూడా గోల్ కొట్టాడు. ఒక పనికి పనికిరాకుండా పోయినవాడు మరో పనికి పనికొస్తాడేమో చూసే కన్ను ఎంతమంది గురువులకు ఉంటుంది?

ఫైనల్ సెప్టెంబరు 4న, మళ్ళీ అదే దక్షిణ కొరియాతో. ఆట కంటే పెద్ద చిక్కు బయట ఉంది. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళను ఇండొనేషియా రానివ్వనందుకు, వీటిని ఆసియా క్రీడలని పిలవకూడదని మన క్రీడాధికారి జి.డి. సోంధీ అభ్యంతరం లేవదీశారు. దాంతో ఆ దేశంలో మన మీద కోపం రాజుకుంది. మన రాయబార కార్యాలయం మీద గుంపులు దాడి చేశాయి. స్టేడియంలో లక్షమంది దాకా జనం, మనవాళ్ళ పేరు వినిపిస్తే చాలు ఈలలు, కేకలు. ఆ రోజు మనవాళ్ళకు చప్పట్లు కొట్టిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఉన్నారని మన ఆటగాళ్ళు తరువాత చెప్పుకునేవారు. గోల్ కీపర్ తంగరాజ్ జ్వరపడి లేచాడు. అంతకు ముందు మ్యాచిల్లో ప్రద్యోత్ బర్మన్ బాగానే ఆడాడు. అయినా కొరియావాళ్ళు ఎత్తుగా కొట్టే బంతులకు పొడగరి కావాలని రహీం గారు తంగరాజ్‌నే నిలబెట్టారు. పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, తనకొక కానుక ఇవ్వమని అడిగారట. ఏ కానుకో వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఆయన ఒంటి పరిస్థితి వాళ్ళు చూస్తూనే ఉన్నారు.

మొదటి 20 నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒకటి, తలకట్టుతో ఉన్న జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. చివర్లో కొరియా ఒక గోల్ వేసింది. 2–1. ఆంధ్రా పోలీసు నుంచి వెళ్ళిన యూసుఫ్ ఖాన్ ఆ జట్టులో ఉన్నాడు, బలరాం ఉన్నాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు రెండే బంగారు పతకాలు, 1951, 1962. రెండిటికీ శిక్షకుడు ఆయనే. మూడోది ఇప్పటిదాకా రాలేదు.

లక్షమంది గోల మధ్య చెవులు మూసుకుని తన పని తాను చేసుకోవడం పుట్టుకతో వచ్చే గుణం కాదు. బళ్ళో చిన్నప్పుడు చేతకాని కాలుతో ఆడి నలుగురిలో బంతి తప్పినప్పుడు మొదలవుతుంది ఆ పాఠం.

జకార్తా నుంచి వచ్చాక రహీం గారు ఎక్కువ కాలం లేరు. 1963 జూన్ 11న, యాభై మూడేళ్ళ వయసులో హైదరాబాదులో కన్నుమూశారు. బళ్ళు తెరిచే నెల అది. కొడుకు హకీం ఆ తరువాత అంతర్జాతీయ రెఫరీ అయ్యారు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుని 2021లో పోయారు. తండ్రి పోయిన ఆ 1963లోనే బొంబాయిలో రోవర్స్ కప్పు ఆడటానికి ఆంధ్రా పోలీసు జట్టు వెళ్ళింది. పక్కన కూర్చుని చూసే రహీం సాబ్ లేడు. కప్పు మాత్రం తీసుకొచ్చారు.